పెట్టెలో మండె

గోదావరి లంకల్లో పొగాకు పండించేవాళ్లు ఆకు ఎండగానే పని అయిపోయిందనుకోరు. ఎండిన ఆకును తెల్లవారుజామున, మంచుకి మెత్తబడిన వేళ చూసి దించుతారు. కట్టలు కట్టి మండె వేస్తారు. నాలుగు రోజులకి ఆ మండె లోపల వేడి పుడుతుంది. అనుభవమున్న పెద్దాయన మోచేతి దాకా చెయ్యి లోపలికి దూర్చి చూసి, వేడి మరీ ఎక్కిందనిపిస్తే విప్పించేస్తాడు. పై కట్టలు కిందికి, లోపలివి అంచులకి మార్చి మళ్లీ వేయిస్తాడు. పచ్చి ఘాటు తగ్గి, రంగు ముదిరి, చుట్టకి పనికొచ్చే ఆకు తయారయ్యేది అక్కడే. క్యూబాలో చుట్టాకును పిలోన్లు అనే గుట్టలుగా పేర్చి చేసే పని కూడా ఇదే.

మండె వేడెక్కాలంటే బరువుండాలి. వందల కిలోల ఆకు ఒకచోట చేరితేనే లోపల పుట్టిన వేడిని చుట్టూ ఉన్న ఆకు బయటికి పోనివ్వదు. పెరట్లో పాతికో ముప్పయ్యో మొక్కలు వేసుకున్నవాళ్ల చేతికి వచ్చేది రెండు మూడు కిలోల ఎండాకు. దాన్ని ఎంత బిగించి మూటగట్టినా వేడెక్కదు. అలాంటప్పుడు ఏళ్ల తరబడి ఆగాలి, లేదంటే వేడిని మనమే బయటి నుంచి ఇవ్వాలి. అమెరికాలో సొంత వాడకానికి పొగాకు పెంచుకునేవాళ్లు రెండో దారి పట్టారు. పాత ఫ్రిజ్‌లతోనూ ఇన్సులేషన్ షీట్లు అతికించిన పెట్టెలతోనూ ఇంటి దగ్గరే చిన్న చిన్న కిల్న్‌లు కట్టుకున్నారు. ఈ అధ్యాయంలో మనం కట్టబోయేది అలాంటి పెట్టే.

ప్రకాశం జిల్లా వైపు నుంచి వచ్చినవాళ్లకి కిల్న్ అనగానే బ్యారన్ గుర్తుకొస్తుంది. అది వేరు, ఇది వేరు. బ్యారన్‌లో పచ్చాకును కర్రలకి అల్లి వేలాడదీసి, ముందు రంగు తిప్పి, తర్వాత వేడి పెంచుకుంటూ పోయి, చివర్లో ఈనె ఎండడానికి 70 డిగ్రీల దాకా తీసుకెళ్తారు. దాని పని ఆకులోంచి నీళ్లు లాగెయ్యడం. మన పెట్టె పని అందుకు పూర్తిగా భిన్నం. ఆకు వెచ్చగా ఉండాలి, మెత్తగా ఉండాలి, నెల రోజుల పాటు ఆ రెండూ చెడకూడదు. ఈ తేడా మనసులో పెట్టుకోకుండా మొదలుపెట్టినవాళ్లు పెద్ద హీటర్ కొని ఆకును వేపుడు చేస్తారు.

ఆకు మగ్గేటప్పుడు లోపల జరిగేదేమిటన్న విషయం మీద 19వ శతాబ్దం చివర్లో పెద్ద వాదమే నడిచింది. పనంతా బ్యాక్టీరియాదే అని ఒక వర్గం అంది. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఆస్కర్ లోవ్ దానికి ఒప్పుకోలేదు, ఆకులోనే ఉన్న ఎంజైములు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చేసే మార్పు ఇదని వాదించాడు. పొగాకు ఆకుల మీద పనిచేస్తుండగానే ఆయన ఒక ఎంజైమును గుర్తించి దానికి కెటలేజ్ అని పేరు పెట్టాడు. ఈరోజు మన రక్తం గురించీ కాలేయం గురించీ చదివేటప్పుడు తగిలే కెటలేజ్ అదే. పెద్ద మండెల్లో సూక్ష్మజీవుల పాత్ర కూడా ఉందని తర్వాత తేలింది. మన చిన్న పెట్టెలో మాత్రం ఎక్కువ భారం ఎంజైముల మీదా, చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి గోధుమ రంగు తేలే నెమ్మది చర్య మీదా పడుతుంది.

పెట్టెకి కావలసిన అంకెలన్నీ ఈ రసాయనం నుంచే వస్తాయి. వేడి 49 నుంచి 54 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. నేను 50 దగ్గర పెట్టమంటాను. 25 నుంచి 40 దాకా బూజుకి పండగ, ఆ మధ్యలో తడి ఆకును ఉంచకూడదు. 50 దగ్గర మామూలు బూజుల్లో ఎక్కువ భాగం పెరగలేవు. 60 దాటితే ఎంజైములు దెబ్బతినడం మొదలవుతుంది. రంగు తొందరగా ముదురుతుంది కాబట్టి పని బాగా జరుగుతోందని భ్రమ కలుగుతుంది, కానీ ఆకు ఉడుకుతోంది తప్ప మగ్గడం లేదు. తేమ 70 శాతం దగ్గర ఉండాలి, కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. ఆక్సిజన్ కావాలి కాబట్టి పెట్టెను ఊపిరాడకుండా మూసెయ్యకూడదు.

ఇక పెట్టె. అడుగున రెండడుగుల చదరం, ఎత్తు నాలుగడుగులు ఉంటే మూడు కిలోల ఆకు ఇరుకు లేకుండా పడుతుంది. గోడలకి రెండంగుళాల మందం ఉన్న థర్మకోల్ షీట్లు వాడండి. గట్టిగా, బరువుగా ఉండే రకం అడగండి, గిఫ్టు పెట్టెల్లో వచ్చే తేలిక రకం పనికిరాదు. బయటికి చెక్క చట్రం, లోపలికి అల్యూమినియం రేకు, సందుల్లో అల్యూమినియం టేపు. లోపల వార్నిష్, రంగు, ఫెవికాల్ వాసన ఉన్న కొత్త ప్లైవుడ్, జిగురు కారే దేవదారు చెక్క ఏవీ పెట్టకండి. వేడికి అవి వాసన వదులుతాయి, పొగాకు పక్కనున్న వాసన దేన్నైనా పట్టేస్తుంది. నాఫ్తలీన్ ఉండలు వేసిన గదిలో కూడా ఈ పెట్టె వద్దు.

థర్మకోల్ అంటే కరెంటు పొదుపుకే అనుకుంటారు. దానికన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది. పెట్టె లోపల 50 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్నప్పుడు 43 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న ఏ చోటైనా నీరు పడుతుంది. ఒట్టి అరంగుళం ప్లైవుడ్ గోడ అయితే, బయట 28 డిగ్రీలుంటే గోడ లోపలి ముఖం సుమారు 42 దగ్గర ఉంటుంది. అంటే గోడంతా చెమటే. ఆ నీరు కారి అడుగున చేరుతుంది, గోడకి ఆనిన ఆకు నల్లబడి కుళ్లుతుంది, మీరేమో తేమ ఎందుకు నిలబడట్లేదని నీళ్లు పోస్తూనే ఉంటారు. రెండంగుళాల థర్మకోల్ గోడ లోపలి ముఖం 48 దగ్గర నిలుస్తుంది, పొడిగా ఉంటుంది. తలుపు అంచులూ బోల్టు తలలూ మాత్రం చల్లగానే ఉంటాయి. బోల్టులు గోడ దాటి లోపలికి రాకుండా చూసుకోండి. తలుపు చుట్టూ రబ్బరు పట్టీ వెయ్యండి. పైకప్పు కింద ఒక పలచటి గుడ్డను వాలుగా కట్టండి, ఎప్పుడైనా చుక్క పడినా ఆకు మీద పడదు.

కరెంటు లెక్క కూడా ఇక్కడే చూద్దాం. ఇలాంటి థర్మకోల్ పెట్టె బయట 28 డిగ్రీలున్న రోజున గోడల ద్వారా పోగొట్టుకునే వేడి 60 వాట్లకి దరిదాపులో ఉంటుంది. సందులకీ తలుపు తీయడానికీ కలుపుకుని 80 అనుకోండి. రోజుకి సుమారు రెండు యూనిట్లు, నెలకి అరవైకి కాస్త తక్కువ. అమెరికాలో చలికాలం గ్యారేజీలో 5 డిగ్రీలుంటే ఈ లెక్క రెట్టింపవుతుంది. అందుకే 100 నుంచి 200 వాట్ల హీటర్ చాలు. గది వేడి చేసే వెయ్యి వాట్ల హీటర్ లోపల పెడితే వేడి ఒక్కసారి ఎగిసి, ఆగి, మళ్లీ ఎగుస్తుంది. ఆ ఎగుడుదిగుళ్లలో ఆకు ఎండుతూ తడుస్తూ పాడవుతుంది.

పాత ఫ్రిజ్ దొరికితే గోడల పని తప్పుతుంది. కానీ ముందు మెకానిక్‌ని పిలిపించి గ్యాస్ తీయించండి. ఇప్పటి ఫ్రిజ్‌లు చాలావాటిలో ఉండే ఐసోబ్యూటేన్ నిప్పంటుకునే వాయువు, డ్రిల్లు వేస్తూ ఒక గొట్టం కోశారంటే ప్రమాదం. గొళ్లెం పడే పాతకాలపు తలుపైతే దాన్ని పీకేసి అయస్కాంతపు పట్టీతో మూసుకునేలా చెయ్యండి. పిల్లలు లోపల దాక్కుని ఊపిరాడక చనిపోయిన దుర్ఘటనల వల్లే అమెరికా 1956లో లోపలి నుంచి తెరుచుకోని ఫ్రిజ్ తలుపుల్ని నిషేధిస్తూ చట్టం చేసింది. మీ పెట్టె ఏ రకమైనా, లోపలి నుంచి తోస్తే తెరుచుకోవాలి.

వేడి ఇవ్వడానికి అమెరికాలో ఎక్కువమంది వాడేది క్రాక్‌పాట్ అనే, కరెంటు మీద నెమ్మదిగా ఉడికించే మట్టి గిన్నె. దాంట్లో నీళ్లు పోసి పెడితే వేడీ తేమా ఒకేచోటి నుంచి వస్తాయి. నాబ్ తిప్పే పాత రకమే కొనాలి. డిజిటల్ రకం కరెంటు పోయి వచ్చాక తనంతట తాను వెలగదు, వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ ఒకసారి ఆపితే ఇక అంతే. మన దగ్గర కోడిగుడ్లు పొదిగించే ఇంక్యుబేటర్ల సామాను అమ్మే షాపుల్లో సరిపడే చిన్న హీటర్లు దొరుకుతాయి. ఎస్‌టీసీ-1000 లాంటి థర్మోస్టాట్ కూడా అక్కడే దొరుకుతుంది. హీటర్ ఆగే వేడికీ మళ్లీ వెలిగే వేడికీ మధ్య తేడా ఒక డిగ్రీకి పెట్టుకోండి. దాని సెన్సర్ వైరు ఆకు వేలాడే ఎత్తులో, పెట్టె మధ్యలో ఉండాలి, హీటర్ పైన కాదు. వేడి పైకి పోతుంది కాబట్టి ఒక చిన్న కంప్యూటర్ ఫ్యాన్ అడుగున పెట్టి గాలి తిప్పండి, లేకపోతే పై వరస మాడి కింది వరస బూజు పడుతుంది.

వేడి, నీళ్లు, కరెంటు ఒకే పెట్టెలో నెలరోజులు పగలూ రాత్రీ ఉండబోతున్నాయి. ఇది తేలిగ్గా తీసుకునే సంగతి కాదు. ఎర్త్ ఉన్న ప్లగ్గు, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, హీటర్ లైన్లో ఒక థర్మల్ ఫ్యూజు, ఈ మూడూ లేకుండా స్విచ్ వెయ్యకండి. థర్మోస్టాట్ రిలే అంటుకుపోతే హీటర్ ఆగకుండా మండుతుంది, అప్పుడు కాపాడేది ఆ ఫ్యూజే. హీటర్ చుట్టూ ఇనుప జాలీ కట్టండి, ఒక ఎండాకు రాలి హీటర్ మీద పడితే చాలు. బ్యారన్లు కాలిపోవడానికి ఎక్కువసార్లు కారణం గొట్టాల మీద రాలిన ఆకే అని ఆ పని చేసేవాళ్లందరికీ తెలుసు. బొగ్గులు, కిరోసిన్ దీపం, కొవ్వొత్తి, ఏ రకమైన మంటా పెట్టెలోకి రాకూడదు.

తేమ కొలవడం మీద కాస్త ఎక్కువ సేపు ఆగుతాను, ఎందుకంటే పెట్టెలు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. వందల్లో దొరికే డిజిటల్ హైగ్రోమీటర్లు ఈ వేడిలో, పైగా ఆకు వదిలే అమోనియాలో ఎక్కువ కాలం నిజం చెప్పవు. పది శాతం తప్పు చూపిస్తూ ధైర్యంగా మెరుస్తూ ఉంటాయి. దాన్ని వాడేముందు ఒక పరీక్ష పెట్టండి. మూత బిగించే డబ్బాలో ఒక చిన్న గిన్నెడు ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంత నీళ్లు చిలకరించి, పక్కన మీటరు పెట్టి మూసెయ్యండి. పన్నెండు గంటల తర్వాత అది 75 చూపించాలి. 69 చూపిస్తే మీ మీటరు ఆరు తక్కువ చూపిస్తోందని అట్ట మీద రాసి అతికించుకోండి.

అంతకన్నా నమ్మకమైన పద్ధతి రెండు మామూలు థర్మామీటర్లు. ఒకదాని బల్బుకి పలచటి నూలు గుడ్డ చుట్టి, గుడ్డ కొసను నీళ్ల సీసాలో ముంచండి. ఫ్యాన్ గాలి దానికి తగలాలి. పొడి థర్మామీటరు 50 చూపిస్తున్నప్పుడు తడిది 44 చూపిస్తే తేమ 70 శాతం. తడిది 46కి వచ్చిందంటే 80కి చేరింది, వెంటనే తలుపు కాసేపు తెరవండి. 41న్నరకి దిగితే 60కి పడిపోయింది, నీళ్లు పొయ్యండి. బ్యారన్ దగ్గర పనిచేసినవాళ్లకి ఈ తడి పొడి థర్మామీటర్లు కొత్తేం కాదు. బ్యాటరీ లేదు, చెడిపోయే సర్క్యూటు లేదు. గుడ్డ మీద ఉప్పు పేరుకోకుండా వారానికోసారి మార్చుకుంటే చాలు.

నీళ్ల పళ్లెం వెడల్పుగా ఉండాలి, లోతు కాదు. పళ్లెంలో నీళ్లకి బదులు ఉప్పు ముద్ద పెట్టేవాళ్లున్నారు, నాకూ ఆ పద్ధతి నచ్చుతుంది. తడి ఉప్పు చుట్టూ ఉన్న గాలిని 75 శాతం దగ్గరకి లాగుతుంది, దాటితే తానే తేమ పీల్చుకుంటుంది, తగ్గితే వదులుతుంది. ఒక రాత్రి మీరు చూడకపోయినా తేమ చెయ్యి దాటదు. ఉప్పు ఇనుమును తినేస్తుంది కాబట్టి గాజు పళ్లెంలోనే పెట్టండి.

ఇప్పుడు ఆకు సంగతి. పచ్చగా ఉన్న ఆకును ఈ పెట్టెలో పెట్టకూడదు. ముందు నీడలో వేలాడదీసి పసుపుకి, ఆ తర్వాత గోధుమ రంగుకి తిరగనివ్వండి. ఆ రోజుల్లో ఆకు ఇంకా బతికే ఉంటుంది, తనలోని పిండిపదార్థాన్ని తానే చక్కెరగా మార్చుకుంటుంది. తొందరపడి వేడి పెడితే ఆకు చనిపోయి పచ్చరంగు అలాగే నిలిచిపోతుంది, గడ్డి వాసన ఎన్నాళ్లు మగ్గబెట్టినా పోదు. రంగు తిరిగాక నడిమి ఈనె విరిచి చూడండి. టక్కున విరగాలి. వంగితే లోపల నీళ్లున్నట్టే, ఆ ఈనె దగ్గరే బూజు మొదలవుతుంది.

పూర్తిగా ఎండిన ఆకు ముట్టుకుంటే పొడి అవుతుంది. మంచు పడే రాత్రి బయట వేలాడదీసి గానీ, స్ప్రేతో సన్నగా నీళ్లు చల్లి ఒక రాత్రి ప్లాస్టిక్ సంచిలో ఉంచి గానీ పదునుకి తెచ్చుకోవాలి. పదును సరిపోయిందా అన్నది చేతికే తెలుస్తుంది. ఆకును గుప్పిట్లో నలిపి వదిలితే చిట్లకుండా, నెమ్మదిగా తనంతట తాను విచ్చుకోవాలి. అరచేతికి తడి అంటకూడదు. అంటితే గంటసేపు ఆరబెట్టండి. పదిహేను ఇరవై ఆకుల్ని కాడల దగ్గర నూలు దారంతో కట్టి, కట్టకీ కట్టకీ మధ్య రెండు వేళ్లు దూరేంత సందు ఉంచి వేలాడదీయండి. ఈ పనంతా చేతికి గ్లవ్స్ వేసుకునే చెయ్యాలి. తడి ఆకు నుంచి నికోటిన్ చర్మం ద్వారా ఒంట్లోకి పోతుంది. పొలంలో మంచు తడి ఆకు కోసిన కూలీలకి తల తిరిగి వాంతులు కావడానికి కారణం అదే. గర్భిణులూ పిల్లలూ ఈ పనికి దూరంగా ఉండాలి.

పెట్టె ముందు ఖాళీగా ఒక రోజు నడిపి చూడండి. 50 దగ్గర నిలబడుతోందని నమ్మకం కుదిరాకే ఆకు పెట్టండి. ఆకు పెట్టాక మొదట వేడి ఎక్కనివ్వాలి, 45 దాటిన తర్వాతే నీళ్ల పళ్లెం లోపల పెట్టాలి. బూజు పెరిగే వేడిని తొందరగా దాటించడానికే ఈ క్రమం. కరెంటు నాలుగైదు గంటలు పోయే ఊరైతే, పోయిన వెంటనే పళ్లెం తీసి తలుపు కొద్దిగా తెరిచి పెట్టండి, కరెంటు వచ్చాక మళ్లీ మొదటి క్రమమే.

మొదటి మూడు నాలుగు రోజులు ఎండుగడ్డి వాసన వస్తుంది. తర్వాత అమోనియా మొదలవుతుంది, తలుపు తీస్తే కళ్లు మండుతాయి. భయపడాల్సిన పని లేదు, ఆకులోని నత్రజని పదార్థాలు విడిపోతున్నాయన్నమాట. కానీ అది ఇంట్లో పీల్చే గాలి కాదు. పెట్టె పడకగదిలోనో వంటింట్లోనో ఉండకూడదు. వరండాలోనో షెడ్డులోనో పెట్టండి, రోజుకోసారి ఒక నిమిషం తలుపు తెరిచి గాలి మార్చండి. వారానికోసారి పై కట్టల్ని కిందికి, అంచుల్లోవి మధ్యకి మార్చండి. రెండో వారం చివర్లో అమోనియా మందగిస్తుంది. మూడో వారంలో రంగు లేత గోధుమ దాటి ఇటుక రంగుకీ అక్కడి నుంచి ముదురు గోధుమకీ పోతుంది. నాలుగో వారంలో తలుపు తీసినప్పుడు ఎండుద్రాక్షకి దగ్గరగా ఒక తీపి వాసన వస్తే పలచటి ఆకు పూర్తయినట్టే. మొక్క పైభాగం నుంచి వచ్చిన మందపాటి ఆకుకి ఇంకో రెండు మూడు వారాలు పడుతుంది. దాన్నీ పలచటి ఆకునీ ఒకేసారి పెట్టి ఒకేసారి తీయొద్దు.

తెల్లటి నూగు కనిపిస్తే ఆ ఆకుతో పాటు దాని పక్క కట్టల్ని కూడా పారేయండి, మాస్కు పెట్టుకుని. తుడిచి వాడుకుందాం అన్న ఆలోచన వద్దు. పెట్టె ఖాళీ చేసి, 60 డిగ్రీల దగ్గర పొడిగా ఒక రోజు నడిపి, తేమ ఎక్కడ ఎక్కువైందో వెతకండి. దాదాపు ప్రతిసారీ అది తలుపు అంచు దగ్గరో, గాలి అందని అడుగు మూలలోనో ఉంటుంది.

ఇంత శ్రద్ధగా మగ్గబెట్టిన ఆకు గురించి ఒక మాట కచ్చితంగా చెప్పాలి. మగ్గిన పొగాకు నోటికి మెత్తగా ఉంటుంది తప్ప ఒంటికి క్షేమం కాదు. నికోటిన్ కొంత తగ్గుతుంది, మిగిలినది ఎప్పటిలాగే పట్టుకుంటుంది. తేమ ఎక్కువగా, వేడిగా ఎక్కువకాలం ఉంచితే క్యాన్సర్ కలిగించే నైట్రోసమైన్లు పెరిగే అవకాశం ఉంది. ఉత్తరాంధ్రలో చుట్టను నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగే ఆడవాళ్లలో అంగిలి క్యాన్సర్లు ఎంత ఎక్కువో వైద్యులు దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు. తాగే అలవాటు లేనివాళ్లు ఈ పెట్టె కోసం మొదలుపెట్టకండి. మొక్క మీదా విత్తనం మీదా ఆకు పనితనం మీదా ఆసక్తి ఉన్నవాళ్లకి ఆకు చెయ్యడం దగ్గరే ఆగినా తృప్తి దొరుకుతుంది.

చట్టం సంగతి ఊరిని బట్టి, దేశాన్ని బట్టి మారుతుంది. మన దగ్గర వర్జీనియా పొగాకు పండించడానికీ బ్యారన్ నడపడానికీ 1975 నాటి పొగాకు బోర్డు చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. అమెరికాలో సొంత వాడకానికి పెంచుకోవచ్చు, తయారు చేసి అమ్మాలంటే అనుమతీ పన్నూ వస్తాయి. ఆస్ట్రేలియాలో ఉన్న తెలుగువాళ్లు ఇవేవీ మొదలుపెట్టకండి, అక్కడ లైసెన్సు లేకుండా పొగాకు మొక్క పెంచడమే నేరం.

పూర్తయిన ఆకును వేడిగా ఉండగా సంచిలో పెట్టకండి. నీళ్ల పళ్లెం తీసేసి, వేడి ఆపి, తలుపు కొద్దిగా తెరిచి ఒక పూట చల్లారనివ్వండి. ఆకు అంచు గరగరలాడుతూ మధ్యలో ఇంకా వంగేలా ఉన్నప్పుడు తీసి, ఈనెలు వేరు చేసి, కాగితం పరిచిన అట్టపెట్టెలో కొద్దిగా ఒత్తి సర్దండి. ఆ అట్టపెట్టె మీద రకం పేరు, కోత వరస, మగ్గడానికి పెట్టిన తేదీ, తీసిన తేదీ రాయండి. వెంటనే పనికొస్తుంది గానీ, రెండు మూడు నెలలు అలా వదిలేస్తే మిగిలిన చిరు ఘాటు కూడా దిగుతుంది. పిల్లల చేతికీ పశువుల నోటికీ అందని ఎత్తులో పెట్టండి. ఈనెల్ని పేడకుప్పలో వెయ్యకండి, పొగాకు తెగులు పక్క టమాటా, మిరప మళ్లకి అలాగే చేరుతుంది. గొయ్యి తీసి పూడ్చెయ్యండి.